ఎక్కితే ఆయాసం, దిగితే నొప్పి: వ్యాయామం మర్నాడు కండరాల్లో ఏం జరుగుతుంది?

సింహాచలం మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తుంది, చెమటలు కారతాయి, గుండె దడదడలాడుతుంది. దిగేటప్పుడు అవేవీ ఉండవు. కబుర్లు చెప్పుకుంటూ దిగేస్తాం. మర్నాడు పొద్దున్న మంచం దిగబోతే మాత్రం తొడలు సహకరించవు. రెండో రోజుకి ఇంకా ఎక్కువవుతుంది. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆన్చాలి, బాత్రూంలో కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి. ఇంత బాధా ఎక్కినందుకు వచ్చిందనే అనుకుంటాం. నిజానికి ఇందులో ఎక్కువ వాటా హాయిగా దిగిన దిగుడుదే. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు గానీ, వ్యాయామం తర్వాత వచ్చే కండరాల నొప్పి గురించి తెలుసుకోవలసినదాంట్లో సగం ఇక్కడే ఉంది.

మిగతా సగం ఇంకో చిక్కుముడి. నొప్పి తగ్గించుకోవడం ఒక సంగతి, కండరం మానడం ఇంకో సంగతి. నొప్పి తగ్గించేవన్నీ కండరాన్ని త్వరగా మాన్పవు. కొన్ని అయితే నొప్పి తగ్గిస్తూనే కండరం బలపడే పనికి అడ్డు తగులుతాయి. నూనెలు, ఐస్, మాత్రలు, పౌడర్లు, రోలర్లు అమ్మేవాళ్లు ఈ రెండు సంగతుల్నీ కలిపి ‘రికవరీ’ అనే ఒక్క మాటలో చుట్టేస్తున్నారు. ఈ ముడి విప్పితే ఏది వాడాలో, ఏది మానాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ముందుగా లాక్టిక్ యాసిడ్ సంగతి

"లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందండీ, అందుకే నొప్పులు." జిమ్‌లో ట్రైనర్ చెప్పేది ఇదే, తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు మీద నడిచే పెద్దలు చెప్పేదీ ఇదే. ఈ నమ్మకానికి దాదాపు వందేళ్ల వయసు. పుట్టింది కూడా మంచి పరిశోధనల నీడలోనే. కండరం బాగా కష్టపడినప్పుడు లాక్టిక్ యాసిడ్ తయారవుతుందని, అలసటతో దానికి సంబంధం ఉందని 20వ శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలు గమనించారు. బ్రిటన్‌కి చెందిన ఆర్చిబాల్డ్ హిల్, జర్మనీకి చెందిన ఆటో మేయర్‌హాఫ్ కండరాల మీద చేసిన పనికి 1922 నోబెల్ బహుమతి అందుకున్నారు. పరుగెత్తుతున్నప్పుడు వచ్చే అలసట గురించి చెప్పిన కారణాన్ని జనం మర్నాడు వచ్చే నొప్పికి కూడా అంటించేశారు.

కానీ లెక్క కుదరదు. వ్యాయామం ఆపాక సుమారు గంటలో రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె, కాలేయం, పక్క కండరాలు దాన్ని ఇంధనంగా వాడేసుకుంటాయి. నొప్పి మొదలయ్యేది 12 నుంచి 24 గంటల తర్వాత. ముదిరేది రెండో రోజో మూడో రోజో. ఎప్పుడో ఖర్చయిపోయిన యాసిడ్ ఎల్లుండి నొప్పి ఎలా పుట్టిస్తుంది?

1983లో అమెరికా పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. ట్రెడ్‌మిల్‌ని కొందరికి చదునుగా ఉంచారు, కొందరికి కిందికి వాలుగా ఉంచి పరుగెత్తించారు. చదునుగా పరుగెత్తినవాళ్ల రక్తంలో లాక్టేట్ పెరిగింది, తర్వాత చెప్పుకోదగ్గ నొప్పి రాలేదు. వాలులో పరుగెత్తినవాళ్లకి లాక్టేట్ పెరగనే లేదు, నొప్పి మాత్రం గట్టిగా వచ్చింది. నిజానికి 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త రెండు రకాల నొప్పుల్ని వేరు చేసి చెప్పాడు. పని చేస్తుండగా వచ్చేది ఒకటి, మర్నాడు వచ్చేది ఇంకొకటి. ఆ రెండోదానికి కారణం కండరంలోనే ఎక్కడో చిన్న చిరుగులు అయ్యుండాలని ఆయన అనుమానం. ఆ దారే సరైనదని తర్వాత తేలింది.

ఈ యాసిడ్ కథని ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. నొప్పికి కారణం పేరుకుపోయిన చెత్త అనుకుంటే మందు దాన్ని కడిగేయడమే అనిపిస్తుంది. గ్లాసులకి గ్లాసులు నీళ్లు తాగమనడం, డీటాక్స్ డ్రింకులు, ‘యాసిడ్‌ని పిండేసే’ మసాజ్‌లు, అన్నీ ఆ ఊహ మీదే నడుస్తున్నాయి. కడగడానికి అక్కడ ఏమీ లేదు. అక్కడ ఉన్నది మరమ్మతు జరుగుతున్న కండరం.

దిగడంలో అంత ఏముంది?

జాలరిపేట దగ్గర ఒడ్డు నుంచి వల లాగేవాళ్లని గమనించండి. తాడు తమవైపు వస్తున్నప్పుడు వాళ్లు చేసేది ఒక రకం కష్టం. అల వెనక్కి పోతూ వలని సముద్రంలోకి ఈడుస్తుంటే, తాడు వదలకుండా, కాళ్లు ఇసుకలో దిగబడుతున్నా బిగబట్టి అడుగడుగునా తగ్గడం ఇంకో రకం కష్టం. చేతులు ఎక్కువగా ఒరుసుకుపోయేది ఆ రెండో దాంట్లోనే.

కండరం కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. మెట్టు ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కురచవుతూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బిగిసి ఉంటుంది, ఒళ్లు ఒక్కసారిగా కింద పడకుండా బ్రేకు వేస్తుంది. ఇలా సాగుతూ పనిచేయడాన్ని ఎక్సెంట్రిక్ పని అంటారు. డంబెల్‌ని పైకెత్తాక మెల్లిగా దించడం, స్క్వాట్‌లో కిందికి కూర్చోవడం, పుషప్‌లో నేలవైపు వంగడం, కైలాసగిరి వాలులో పరుగెత్తడం అన్నీ ఇదే కోవలోవి. ఇందులో శక్తి ఖర్చు తక్కువ, అందుకే ఆయాసం రాదు. కానీ అంతే బరువుని తక్కువ కండర పోగులు మోస్తాయి. ఒక్కో పోగు మీద పడే లాగుడు ఎక్కువ.

ఒక్కో పోగులో సార్కోమియర్లనే అతి చిన్న భాగాలు వేల సంఖ్యలో వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు అయిదు వందలో వంతు. సాగుతూ బిగిసినప్పుడు వాటిలో బలహీనమైనవి హద్దు దాటి సాగిపోతాయి. 1981లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ మళ్లీ మెట్లు దిగించిన మనుషుల కాళ్లలోంచి చిన్న కండర ముక్కలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. సార్కోమియర్ల మధ్య తిన్నగా ఉండాల్సిన గీతలు చాలాచోట్ల వంకరటింకరగా చెదిరిపోయి కనిపించాయి.

మరి నొప్పి వెంటనే ఎందుకు రాదు? ఆ చెదిరిన చోటికి తెల్ల రక్తకణాలు చేరి, పాడైన భాగాన్ని తీసేసి, కొత్తది కట్టే పని మొదలుపెడతాయి. ఈ పనికి గంటలు, రోజులు పడుతుంది. ఈలోగా బ్రాడికైనిన్, నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ లాంటి పదార్థాలు విడుదలై, కండరంలోని నాడుల కొసల్ని అతిగా స్పందించేలా చేస్తాయి. జపాన్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. మామూలుగా తెలియని చిన్న నొక్కు కూడా అప్పుడు నొప్పిగా అనిపిస్తుంది. ఈ రకం నొప్పికున్న గుర్తే అది. కదలకుండా పడుకుంటే ఏమీ ఉండదు, కదిలితేనో నొక్కితేనో చురుక్కుమంటుంది. కండరం చుట్టూ ఉండే పల్చటి పొరలు కూడా నొప్పిలో పాలు పంచుకుంటాయి. అందుకే ఎక్కడ నొప్పి అంటే వేలితో ఒక చోటు చూపించలేం. తొడంతా అంటాం, పిక్కంతా అంటాం.

ఒక ముఖ్యమైన విషయం. నొప్పి ఎంత ఉందో దెబ్బ అంత ఉన్నట్టు కాదు. కండరం బాగా దెబ్బతిన్నా నొప్పి తక్కువగా ఉండొచ్చు, కొంచెమే దెబ్బతిన్నా బాధ ఎక్కువగా ఉండొచ్చు. అలాగే నొప్పి పోయినంత మాత్రాన బలం పూర్తిగా వచ్చేసినట్టూ కాదు. గట్టిగా దెబ్బతిన్న కండరానికి పాత బలం రావడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని మూడో రోజునే పాత బరువులు ఎత్తబోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

‘నో పెయిన్ నో గెయిన్’ అని చాలా జిమ్ గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఇది తప్పని చెప్పడానికి మన ఉత్తరాంధ్ర వెయిట్‌లిఫ్టింగ్ చాలు. ఆముదాలవలస దగ్గర పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. ఆ పోటీలు చూసినవాళ్లకి తెలుసు, పైకెత్తిన బరువుని మెల్లిగా దించరు, వదిలేస్తారు. అంటే సాగుతూ మోసే భాగం ఆ లిఫ్టుల్లో బాగా తక్కువ. బలం మాత్రం అపారం. సైకిల్ తొక్కేవాళ్ల సంగతీ అంతే. తొక్కుడంతా కురచవుతూ చేసే పనే కాబట్టి గంట తొక్కినా మర్నాడు పెద్దగా నొప్పి ఉండదు. 2016లో బ్రెజిల్ పరిశోధకులు చూపించినదాని ప్రకారం, కొత్తగా బరువులు ఎత్తేవాళ్లలో మొదటి రోజుల్లో తయారయ్యే ప్రొటీన్ చాలావరకు మరమ్మతుకే పోతుంది. కండ పెరగడం నిజంగా ఊపందుకునేది ఆ దెబ్బ తగ్గాకే. నొప్పి ఎంతుంటే అంత కండ పెరుగుతుందనే లెక్కకి ఆధారం లేదు.

ఆ రెండు మూడు రోజులు గడిచేదెలా?

కదలండి. అన్నిటికంటే తేలికైనది, పైసా ఖర్చు లేనిది ఇదే. మంచం పట్టకుండా చదును నేల మీద ఇరవై నిమిషాలు మెల్లిగా నడిస్తే, లేదా సైకిల్ తొక్కితే, ఆ కాసేపూ నొప్పి బాగా తగ్గుతుంది. ఆపాక కొంత తిరిగి వస్తుంది. దీనివల్ల మానడం వేగవంతం కాదు, బాధ మాత్రం తగ్గుతుంది. బీచ్ రోడ్డు చదునుగా ఉన్నచోట నడవండి, ఆ రెండు రోజులూ తెన్నేటి పార్కు మెట్ల జోలికి పోకండి.

మసాజ్ పనిచేస్తుంది. నొప్పి తగ్గించే పద్ధతుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2018లో పోల్చి చూసినప్పుడు అన్నిటికంటే ముందు నిలిచింది మసాజే. ఎందుకు పనిచేస్తుందన్నదాని మీద 2012లో కెనడాలో మంచి పరిశోధన జరిగింది. గట్టి వ్యాయామం తర్వాత ఒక కాలికి పది నిమిషాలు మసాజ్ చేసి, రెండో కాలిని వదిలేసి, రెండింటి కండరాలూ పరీక్షించారు. మసాజ్ చేసిన కాల్లో వాపుని పెంచే సంకేతాలు తగ్గాయి. లాక్టేట్‌లో తేడా ఏమీ లేదు. మసాజ్‌తో మేలు ఉంది, కాకపోతే అది జరిగేది జనం చెప్పే దారిలో కాదు.

మన ఇళ్లలో గోరువెచ్చటి నువ్వుల నూనె రాసి కాళ్లు పట్టించుకోవడం ఎప్పటినుంచో ఉంది. నూనె చర్మం దాటి కండరంలోకి పోదు. మేలు చేసేది చేతుల ఒత్తిడి, ఆ వెచ్చదనం. నూనె వల్ల చెయ్యి జారుతుంది, చర్మం గీరుకోదు, అంతే. కాబట్టి ఏ నూనె అయినా పరవాలేదు, వేల రూపాయల ‘పెయిన్ రిలీఫ్ ఆయిల్’ అక్కర్లేదు. ఒత్తిడి మాత్రం హాయిగా ఉన్నంతవరకే. నొప్పితో ఉన్న కండరాన్ని ఏడిపించేంత గట్టిగా నలిపితే దానికి ఇంకో దెబ్బ తగిలినట్టే. పట్టేవాళ్లు బలం చూపించాలని ఉత్సాహపడితే ఆపండి. కండరాల కింద పెట్టి దొర్లించే ఫోమ్ రోలర్ కూడా ఈ కోవలోదే, మేలు కొంచెం.

వేడినీళ్ల స్నానం, కాపడం హాయినిస్తాయి. బిగుతు సడలినట్టు ఉంటుంది. ఎప్సమ్ సాల్ట్ వేసిన నీళ్లలో కాళ్లు పెడితే మెగ్నీషియం కండరాల్లోకి ఎక్కుతుందన్న మాటకి గట్టి ఆధారం లేదు, వేడినీళ్ల మహిమే ఎక్కువ. బామ్‌లు చేసే పని వేరు. అవి చర్మంలోని నాడులకి చల్లగానో వేడిగానో అనిపింపజేస్తాయి, ఆ సంకేతం నొప్పి సంకేతాన్ని కొంతసేపు వెనక్కి నెడుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటినుంచీ తెలుగువాళ్ల ఇళ్లలో ఈ పద్ధతి ఉంది. నాడుల్లో సంకేతాలు ఇలా ఒకదాన్నొకటి అడ్డుకుంటాయనే సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలు ప్రతిపాదించింది 1965లో. ఒక్క జాగ్రత్త: బామ్ రాసిన చోట వేడి కాపడం పెట్టకండి, చర్మం కాలుతుంది.

ఐస్ సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. 10 నుంచి 15 డిగ్రీల చల్లటి నీళ్లలో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే తర్వాతి రోజుల్లో నొప్పి తక్కువగా ఉంటుందని చిన్న చిన్న అధ్యయనాలు చాలానే చెప్పాయి. రేపే ఇంకో మ్యాచ్ ఉన్న ఆటగాడికి అది ఉపయోగం. కానీ కండ పెంచుకోవడం కోసం బరువులు ఎత్తేవాళ్లు ప్రతిసారీ ఐస్ నీళ్లలో కూర్చుంటే, నెలల తరబడి చూసినప్పుడు కండా బలమూ తక్కువగా పెరిగాయని 2015లో వచ్చిన పరిశోధన తేల్చింది. మరమ్మతు కోసం ఒళ్లు రగిల్చిన వేడిని మనమే ఆర్పేస్తున్నాం మరి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఐస్ నీళ్ల జోలికి పోకూడదు. ఇంకో మాట. సముద్రంలో మునిగితే ఐస్‌బాత్ అయిపోతుందని కొందరు కుర్రాళ్లు పరుగు కాగానే నీళ్లలోకి దిగుతున్నారు. విశాఖ సముద్రం చలికాలంలో కూడా 20 డిగ్రీలకి పైనే ఉంటుంది, కాబట్టి ఆ ఫలితం రాదు. ఆర్కే బీచ్‌లో, యారాడలో లోపలికి లాగేసే ప్రవాహాలు ఎన్నో ప్రాణాలు తీశాయి. అలసిపోయిన కాళ్లతో అక్కడ దిగకండి.

స్ట్రెచింగ్ గురించి నమ్మకం ఎంత గట్టిదో ఫలితం అంత తక్కువ. వ్యాయామానికి ముందు చేసినా, తర్వాత చేసినా, రెండుసార్లూ చేసినా నొప్పిలో తేడా వందలో ఒకటి నుంచి నాలుగు పాయింట్లు మించలేదని 2011లో, అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఒళ్లు వంగడం కోసం చేసుకోండి, మంచిదే. మర్నాటి నొప్పిని ఆపుతుందని మాత్రం ఆశించకండి.

మాత్రల దగ్గర ఆగి ఆలోచించాలి

మన దగ్గర నొప్పి అనగానే మెడికల్ షాపుకెళ్లి డైక్లోఫెనాక్ అడగడం, ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకోవడం మామూలైపోయింది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ నొప్పికి చేసే మేలు తక్కువ, తెచ్చే ప్రమాదం ఎక్కువ. ఇవి కిడ్నీలకి రక్తం అందించే ఏర్పాటుని తగ్గిస్తాయి. మామూలు రోజున ఆరోగ్యవంతుడు ఒక మాత్ర వేసుకుంటే తట్టుకుంటాడు. మే నెలలో విశాఖ ఉక్కలో చెమటలు కారి, ఒంట్లో నీరు తగ్గి, కండరాలు దెబ్బతిన్న రోజున వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపులనుంచీ భారం పడినట్టే. కడుపులో పుండ్లు, బీపీ పెరగడం అదనం. పక్కనే ఉద్దానంలో కిడ్నీ జబ్బులు కుటుంబాల్ని ఎలా కూల్చేశాయో చూస్తున్న ఉత్తరాంధ్రలో, మూడు రోజుల్లో దానంతటదే పోయే నొప్పికి ఈ మాత్రలు మింగడం నాకు ఎంతమాత్రం సబబు అనిపించదు. పైగా పెద్ద మోతాదులో రోజూ ఐబుప్రొఫెన్ వాడుతూ బరువులు ఎత్తిన యువకుల్లో కండ పెరగడం తగ్గిందని 2018లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధన చెప్పింది. నిద్ర పట్టనంత బాధ ఉంటే, కాలేయం బాగున్నవాళ్లు పారాసిటమాల్ ఒకటి వేసుకోవచ్చు. మారథాన్‌కి ముందుగానే ‘నొప్పి రాకుండా’ మాత్ర వేసుకునే అలవాటు అన్నిటికంటే ప్రమాదకరం.

కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకి కండరాల నొప్పి ఆ మాత్రల వల్ల కూడా రావచ్చు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టాక నొప్పులు వారాల తరబడి తగ్గకపోతే, సొంతంగా మాత్ర ఆపేయకుండా డాక్టర్‌కి చెప్పండి.

తిండి విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. మరమ్మతుకి ప్రొటీన్ కావాలి. జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు చెబుతుంది, బరువులు ఎత్తేవాళ్లకి అంతకి రెట్టింపు దాకా పనికొస్తుంది. గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు, ఉలవలు, పెసరట్టుతో అది చేరుకోవచ్చు. పౌడర్ తాగినంత మాత్రాన నొప్పి తగ్గదు. పసుపులోని కర్కుమిన్‌ని గాఢంగా మాత్రల రూపంలో ఇచ్చినప్పుడు నొప్పి కొంచెం తగ్గినట్టు కనిపించింది, గ్లాసు పాలలో వేసే చిటికెడు పసుపులో అది చాలా కొద్దిగా ఉంటుంది. రాత్రి పూర్తిగా నిద్రపోవడం వీటన్నిటికంటే మేలు.

అసలు మందు మోతాదులోనే

పైన చెప్పినవన్నీ నొప్పి వచ్చాక చేసేవి. నొప్పి రాకుండా చేయగలిగింది ఒకటుంది, దాని ముందు ఇవేవీ నిలబడవు. సాగుతూ చేసే పని ఒక్కసారి చేస్తే చాలు, కండరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వారం తర్వాతో నెల తర్వాతో అదే పని మళ్లీ చేస్తే నొప్పి సగానికి సగం తగ్గిపోతుంది. కొన్ని ప్రయోగాల్లో ఈ రక్షణ ఆరు నెలల దాకా నిలిచింది. ఇంకా మంచి సంగతి ఏమిటంటే, మొదటిసారి చేసింది చాలా తేలికపాటి పనైనా, నొప్పి రానంత తక్కువైనా, కొంత రక్షణ వస్తుంది. అంటే ఈ రక్షణని నొప్పితో కొనుక్కోనక్కర్లేదు.

దీన్ని సింహాచలం గిరిప్రదక్షిణకి, అంటే కొండ చుట్టూ చేసే నడకకి, అన్వయించి చూద్దాం. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు, చాలామంది చెప్పులు లేకుండా. వాళ్లలో ఎంతోమంది ఏడాదంతా రోజుకి రెండు కిలోమీటర్లు కూడా నడవనివాళ్లు. భక్తితో నడక పూర్తవుతుంది, మర్నాడు పిక్కలు కదలవు. నెల రోజుల ముందునుంచి వారానికి రెండు మూడుసార్లు నడక దూరం పెంచుకుంటూ, మధ్యలో వాలు రోడ్లు కూడా దిగుతూ ఉంటే ఆ మర్నాడు ఎంతో తేలిగ్గా గడుస్తుంది. వట్టికాళ్లతో నడవాలనుకునేవాళ్లు ఆ అలవాటు కూడా ముందునుంచీ కొంచెం కొంచెంగా చేసుకోవాలి.

సింహాచలం మెట్లతో కాళ్లు బలపరుచుకోవాలనుకునేవాళ్లకి నా సలహా: మొదటి వారం మెట్ల మీదుగా ఎక్కి, కొండ బస్సులో దిగండి. రెండోసారి చివర్లో కొద్ది మెట్లు దిగండి. ఆపైన పెంచుకుంటూ పోండి. వయసు మళ్లినవాళ్లకి ఈ పద్ధతి ఇంకా అవసరం. మెట్లు దిగేటప్పుడు తూలి పడకుండా ఆపేది ఈ బ్రేకు వేసే బలమే కాబట్టి నొప్పికి భయపడి దాన్ని పూర్తిగా మానేయకూడదు. మోకాళ్ల అరుగుదల ఉంటే ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి మొదలుపెట్టండి.

కొత్తగా చేరినవాళ్ల చేత మొదటి రోజే వంద స్క్వాట్‌లు తీయించే ట్రైనర్ల మీద నాకు కోపం. దాన్ని వాళ్లు పట్టుదల నేర్పడం అనుకుంటారు. మూడు రోజులు కదల్లేక ఇంట్లో కూర్చున్న మనిషి నాలుగో రోజు ఎందుకు వస్తాడు? ముఖ్యంగా ఆడవాళ్లు ఇంటిపనీ ఆఫీసుపనీ పెట్టుకుని ఆ నొప్పితో ఎలా నెట్టుకొస్తారు? మొదటి రోజు ఒక సెట్, అదీ ఇంకా చేయగలం అనిపిస్తుండగానే ఆపేయడం సరిపోతుంది.

ఏ నొప్పి మామూలుది కాదు?

వ్యాయామం నొప్పి రెండువైపులా ఉంటుంది, మెల్లిగా వస్తుంది, మూడో రోజు తర్వాత తగ్గుముఖం పడుతుంది, వారంలో పోతుంది. ఇలా లేకపోతే వేరే కారణం వెతకాలి. పరుగెత్తుతుండగా ఒక్కచోట టక్కున పట్టేసి, తర్వాత అక్కడ కమిలితే అది కండరం చిరగడం. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వానాకాలంలో ఒళ్లు నొప్పులతో పాటు జ్వరం ఉంటే దాన్ని జిమ్ మీదికి తోసేయకుండా డెంగీ, మలేరియా పరీక్షలు చేయించుకోండి. పుషప్‌ల తర్వాత ఛాతీ నొక్కితే నొప్పెట్టడం మామూలే. బరువు పెట్టినట్టు బిగబట్టి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది రాబ్డోమయోలైసిస్ గురించి. కండర పోగులు పెద్ద ఎత్తున పగిలిపోయి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి, కిడ్నీల్ని దెబ్బతీయడం ఇది. 1941లో లండన్ మీద బాంబులు పడినప్పుడు, శిథిలాల కింద నలిగినవాళ్లు బయటికొచ్చాక కిడ్నీలు చెడి చనిపోతుంటే వైద్యులు దీన్ని వివరంగా నమోదు చేశారు. బాంబులే పడక్కర్లేదు. అలవాటు లేని ఒంటితో, ఎండలో, వందల కొద్దీ గుంజీలో స్క్వాట్‌లో పందెం కట్టి తీసినా వస్తుంది. కానిస్టేబుల్ 1600 మీటర్ల పరుగు కోసమో, అగ్నివీర్ ర్యాలీ కోసమో నోటిఫికేషన్ వచ్చాక ఒక్కసారిగా మొదలుపెట్టే కుర్రాళ్లకి దీని గురించి ఎవరో ఒకరు చెప్పి తీరాలి. వాళ్లకి ఓర్పు ఎక్కువ, అదే వాళ్లని ప్రమాదంలోకి నెడుతుంది.

గుర్తులు స్పష్టంగా ఉంటాయి. మూత్రం కోలా రంగులోనో, చిక్కటి టీ డికాక్షన్ రంగులోనో వస్తుంది, లేదా బాగా తగ్గిపోతుంది. కండరం గట్టిగా వాచిపోతుంది. నొప్పి భరించలేనంతగా ఉంటుంది, చేయో కాలో ఎత్తలేనంత నీరసం. మూత్రం రంగు మారకుండా కూడా ఇది రావచ్చు కాబట్టి మిగతా రెండూ ఉన్నా చాలు. అప్పుడు మసాజ్ లేదు, మాత్ర లేదు, రేపు చూద్దాం అనడం లేదు. విశాఖ కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని పెద్దాసుపత్రికో అదే రోజు వెళ్లి, ఏ వ్యాయామం ఎంతసేపు చేశారో, ఏ నొప్పి మాత్రలు వేసుకున్నారో, మూత్రం ఏ రంగులో వచ్చిందో డాక్టర్‌కి చెప్పండి. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ పరీక్షతో తేలిపోతుంది. వేళకి సెలైన్ ఎక్కిస్తే చాలామందికి కిడ్నీలు దక్కుతాయి.